బానెట్ కింద రాలిన నల్ల పొడి: పాత డీజిల్ కారులో శబ్దాన్ని ఆపే ఫోమ్ మార్చిన కేసు

కారు 1981 మోడల్ మెర్సిడెస్ 240డి. డబ్ల్యూ123 బాడీ, నాలుగు సిలిండర్ల ఓఎం616 డీజిల్ ఇంజిన్. ఈ బాడీ 1976లో అమ్మకాలకు వచ్చి దాదాపు పదేళ్లు నడిచింది, మొత్తం 27 లక్షల దాకా తయారయ్యాయి. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే సమస్య ఏ ఒక్క కారుకో వచ్చింది కాదు. ఆ కాలపు ఫోమ్ వాడిన కార్లన్నిటిలో, ఎవరి తయారీ అయినా, నలభై ఏళ్లు దాటాక కనిపించేదే.

యజమాని నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట చెప్పింది శబ్దం గురించి కాదు. "బ్లోవర్ వేస్తే వెంట్లలోంచి నల్లటి పొడి వస్తోందండీ. వెనక కూర్చున్న పిల్లలు తుమ్ముతున్నారు" అన్నారు. ఆ తర్వాతే, "నాన్నగారు నడిపే రోజుల్లో ఇంత మోత ఉండేది కాదు. లోపల మాట్లాడుకుంటే వినిపించేది. ఇప్పుడు గొంతు పెంచాల్సి వస్తోంది" అని చెప్పారు. తడి వాసన ఒకటి కూడా వస్తోందన్నారు గానీ, పాత కారు కదా, మామూలే అనుకుని దాన్ని పక్కన పెట్టేశారు. చివరికి ఈ కేసులో అసలు విషయం ఆ వాసన దగ్గరే బయటపడింది.

బానెట్ ఎత్తగానే మొదటి ఫిర్యాదుకు జవాబు దొరికింది. ఈ కారు బానెట్‌కు రెండు స్థానాలుంటాయి. మామూలుగా తెరిస్తే సగం దాకా లేస్తుంది, హింజ్ దగ్గర లాక్ వదిలితే నిటారుగా నిలబడుతుంది. నిటారుగా నిలిపి చూస్తే లోపలి ఫోమ్‌లో మూడో వంతు లేనే లేదు. మిగిలింది పాతబడ్డ రొట్టెలా పొడిపొడిగా ఉంది. వేలితో తాకితే వేలికే అంటుకుని ఊడి వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద, ఇంజెక్టర్ పైపుల మధ్య, బ్యాటరీ పక్కన, రేడియేటర్ పైన, ఎక్కడ చూసినా అదే పొడి.

ఫోమ్ ఎందుకిలా అవుతుందో ముందు చెప్పాలి, ఎందుకంటే కొత్తది ఎంచుకునేటప్పుడు ఇదే దారి చూపిస్తుంది. బానెట్ కింద అతికించేది పాలీయూరితేన్ ఫోమ్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం ఈ రసాయనాన్ని కనిపెట్టింది. మెత్తటి ఫోమ్‌గా అది విరివిగా వాడకంలోకి వచ్చింది 1950ల తర్వాత. ఇందులో రెండు రకాలున్నాయి. పాలీఎస్టర్ ఆధారంగా చేసినది మొదట్లో గట్టిగా ఉంటుంది, నూనెకు తట్టుకుంటుంది. కానీ గాలిలోని తేమ, వేడి కలిసి దాని అణువుల గొలుసును ఒక్కో లంకె దగ్గరా తెంచుతూ పోతాయి. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. పాలీఈథర్ ఆధారంగా చేసినది తేమకు చాలా మేలుగా నిలబడుతుంది, అయితే వెలుతురు, ఆక్సిజన్ దాన్ని పాడుచేస్తాయి. బానెట్ కింద వెలుతురు పెద్దగా ఉండదు, తేమ, వేడి మాత్రం రోజూ ఉంటాయి. అందుకే కొత్త ఫోమ్ కొనేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇది ఎస్టరా, ఈథరా అని. అమ్మేవాళ్లకు తెలియకపోతే ఆ ఫోమ్ తీసుకోను. షెడ్డులో వాడకుండా పెట్టిన కారులో కూడా ఈ ఫోమ్ రాలిపోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. తేమ పట్టడానికి కారు నడవక్కర్లేదు.

శబ్దం ఎక్కడిది?

ఫోమ్ పోయింది, మోత పెరిగింది, కాబట్టి కొత్త ఫోమ్ వేస్తే మోత తగ్గుతుంది అని యజమాని లెక్క. చూడగానే నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ లెక్కతో నేరుగా పనిలోకి దిగితే మళ్లీ అదే ఫిర్యాదుతో కారు వెనక్కి వస్తుందని ఇన్నేళ్లలో నేర్చుకున్నాను. ఇంజిన్ అసలు మామూలుగా కొట్టుకుంటోందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇది ప్రీ-చాంబర్ డీజిల్, అంటే మంట ముందు ఒక చిన్న పక్క గదిలో మొదలవుతుంది. టకటకమనడం దాని స్వభావం. కానీ ఆ టకటకలో ఒక్క దెబ్బ మిగతావాటికంటే గట్టిగా, సుత్తితో కొట్టినట్టు వినిపించింది. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరుగుతూ ఉండగా, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపుల నట్లు ఒక్కొక్కటీ కొద్దిగా వదిలి, మళ్లీ బిగిస్తూ వెళ్లాం. ఏ సిలిండర్ నట్ వదిలినప్పుడు ఆ గట్టి దెబ్బ ఆగిపోతే తేడా ఆ ఇంజెక్టర్‌లో ఉన్నట్టు. మూడోది వదలగానే ఆగింది. ఈ పరీక్ష చేసేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలి, గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, చెయ్యి మాత్రం ఆ నట్టుకు ఎదురుగా పెట్టకూడదు. ఆ పైపులో డీజిల్ ఎంత ఒత్తిడితో ఉంటుందంటే సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూరిపోగలదు, అది చేతినే పోగొట్టేంత గాయం అవుతుంది. ఇంజెక్టర్ నాజిల్ మార్చి, ఒత్తిడి సరిచేసి పెట్టించాను. కొత్త నాజిల్ పడ్డాక సగం మోత అక్కడే తగ్గినట్టు యజమానికి అనిపించింది. అది ఫోమ్‌తో తగ్గే మోత కాదు. ఏ పొర వేసినా ఆ సుత్తి దెబ్బ దాటి వచ్చేది.

ఆ తర్వాతే కొలతలు తీసుకున్నాను. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, నీటి వేడి 80 డిగ్రీలు దాటాక, అద్దాలు మూసి, బ్లోవర్ ఆపి, డ్రైవర్ చెవి దగ్గర మీటర్ పెట్టి చూస్తే ఐడిల్‌లో 61 డెసిబెల్స్ వచ్చింది. ఇది మనిషి చెవి వినే తీరుకు సరిపడే 'ఏ' స్కేలు. అదే చోట 'సి' స్కేలు 79 చూపించింది. ఈ రెండింటి మధ్య ఇంత తేడా ఉందంటే లోపలికి వస్తున్న శబ్దంలో ఎక్కువ భాగం బాగా తక్కువ స్థాయి గుంయ్‌మనే శబ్దమని అర్థం. లెక్క కూడా అదే చెబుతుంది. నాలుగు సిలిండర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ ఐడిల్‌లో 750 సార్లు తిరిగితే నిమిషానికి 1500 సార్లు మండుతుంది. అంటే సెకనుకు 25 సార్లు, 25 హెర్ట్జ్.

ఇప్పుడు ఫోమ్ సంగతి. గాలి కదలికను తన రంధ్రాల్లో రాపిడితో వేడిగా మార్చి ఫోమ్ శబ్దాన్ని పీల్చుకుంటుంది. లోహానికి అతికించిన పొరలో ఆ పని బాగా జరగాలంటే దాని మందం ఆ శబ్దపు అల పొడవులో దాదాపు నాలుగో వంతు ఉండాలి. 1000 హెర్ట్జ్ శబ్దం గాలిలో 34 సెంటీమీటర్ల అల, దాని నాలుగో వంతు 8.5 సెంటీమీటర్లు. బానెట్ కింద అంత చోటు ఎక్కడుంది? 20 మిల్లీమీటర్ల ఫోమ్ పూర్తి బలంతో పనిచేసేది 4000 హెర్ట్జ్ దగ్గర. దానికంటే కిందికి పోయే కొద్దీ బలం తగ్గిపోతుంది. 25 హెర్ట్జ్ ముందు అది ఉన్నా లేనట్టే. బానెట్ ఫోమ్ డీజిల్ టకటకలోని పదునును కోస్తుంది, కింది గుంయ్‌కారాన్ని ఏమీ చేయలేదు. ఈ మాట యజమానికి పని మొదలుపెట్టక ముందే చెప్పాను. ముందే చెబితే ఆయన ఏం ఆశించాలో ఆయనకు తెలుస్తుంది.

పొడి ఎక్కడెక్కడికి పోయింది

ఈ పనిలో అందరూ తొందరపడేది ఇక్కడే. పాత ఫోమ్ గీకేయడం, కొత్తది అంటించడం, బానెట్ వేసేయడం. రాలిపోయిన ఆ మూడో వంతు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచాను. కాగితపు ఫిల్టర్ మడతల్లో నల్ల పొడి పేరుకుని ఉంది. ఇంజిన్‌లోకి పోకుండా ఫిల్టర్ ఆపింది, అంతవరకు నయం. తర్వాత బానెట్ వెనక అంచు కిందున్న జాలీ తీశాను. కేబిన్‌కు తాజా గాలి వెళ్లే దారి అదే. లోపల, వైపర్ మోటార్ పక్కన, పొడీ ఆకులూ కలిసి బురదలా గట్టిపడ్డాయి. బ్లోవర్ రెక్కల మధ్యకు చేరిన పొడే వెంట్లలోంచి పిల్లల మీదికి వస్తున్నది. ఆ బురద కింద, మూలలో, వాన నీళ్లు బయటకు పోయే గొట్టం నోరు పూర్తిగా మూసుకుపోయి ఉంది.

అప్పుడే తడి వాసన సంగతి తట్టింది. ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తి చూస్తే దాని కిందున్న మందపాటి ఫెల్ట్ నీళ్లు పీల్చి బరువెక్కి ఉంది. బయటకు పోవాల్సిన వాన నీళ్లు దారి లేక గాలి వచ్చే దారిలోంచి లోపలికి దిగాయి. ఆ ఫెల్ట్ ఉన్నది కాళ్లకు మెత్తగా ఉండడానికి మాత్రమే కాదు. ఇంజిన్ గదికీ కేబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ అనే రేకు గోడ దాటి వచ్చే ఇంజిన్ శబ్దాన్ని పీల్చేది అదే. తడిసిన ఫెల్ట్ రంధ్రాల్లో గాలి ఉండదు, కాబట్టి శబ్దాన్ని పీల్చలేదు. దాని కింద నేల రేకు మీద తుప్పు పొర అప్పుడప్పుడే మొదలవుతోంది. ఇంకో రెండేళ్లు ఆగితే ఇది వెల్డింగ్ పని అయ్యేది.

బానెట్ ఫోమ్ రాలింది. రాలిన పొడి నీటి దారి మూసింది. నీళ్లు లోపలికి దిగి ఫెల్ట్‌ను తడిపాయి. ఫెల్ట్ తడవడంతో మోత పెరిగింది. యజమాని విన్న మోతకు, ఫోమ్‌కు సంబంధం ఉందన్న మాట నిజమే. కాకపోతే ఇద్దరం అనుకున్న దారిలో కాదు.

పాతది తీయడం

తీసే ముందు ఒక జాగ్రత్త. ఈ కారులో బానెట్ కింద ఉన్నది ఫోమ్ అని చూడగానే తెలిసింది, రంధ్రాల నిర్మాణం కళ్లకు కనిపించింది. కానీ పాత కార్లలో కొన్నిటికి బానెట్ కింద గానీ, ఫైర్‌వాల్ మీద గానీ పీచు అట్టలు ఉంటాయి. బూడిద రంగులో, గుడ్డలా గానీ అట్టలా గానీ కనిపిస్తాయి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. కంటితో చూసి ఉందో లేదో చెప్పడం ఎవరివల్లా కాదు. చిన్న ముక్క తడిపి, తీసి, మూసిన సంచిలో ల్యాబ్‌కు పంపి ఫలితం వచ్చేదాకా దాన్ని గీకకూడదు, కోయకూడదు, గాలి కొట్టకూడదు. ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే దాని జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. ఈ విషయంలో 'ఒక్కసారికి ఏం కాదులే' అనే మాట నా షెడ్డులో ఎవరి నోటా రానివ్వను.

ఫోమ్ పొడి అంత ప్రమాదం కాకపోయినా పీల్చేది కాదు. ఇంజిన్ మొత్తం మీద పాత దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ షీట్ కప్పాం. గాలి పీల్చుకునే నోటికి గుడ్డ కట్టాం. నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి ఫోమ్ మీద చల్లితే పొడి ఎగరదు. మాస్కులు పెట్టుకుని, ప్లాస్టిక్ పట్టీ బ్లేడుతో పైనుంచి కిందికి గీకాం. నా దగ్గర పనిచేసే కుర్రాడు "అన్నా, డ్రిల్లుకు వైర్ బ్రష్ పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు. అవుతుంది. పెయింటు కూడా అయిపోతుంది. పైగా పొడి షెడ్డంతా లేస్తుంది. హీట్ గన్ కూడా వద్దన్నాను. పాలీయూరితేన్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది.

ఫోమ్ ఒక పూటలో వచ్చేసింది. దాని వెనక గమ్ మాత్రం రెండు రోజులు తీసుకుంది. నలభై ఏళ్ల గమ్ కొన్నిచోట్ల గాజులా, కొన్నిచోట్ల తారులా ఉంటుంది. ఎన్‌సీ థిన్నర్ గానీ అసిటోన్ గానీ వాడితే గమ్‌తో పాటు రంగూ పోతుంది. మినరల్ టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ గమ్ మీద పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి ఇరవై నిమిషాలు ఆగడం మంచి పద్ధతి. మెత్తబడినంత గీకి, మళ్లీ గుడ్డ పరిచాం. ముందుగా కనిపించని మూలలో కొంచెం రాసి రంగు లేవడం లేదని చూసుకున్నాకే మిగతా చోట మొదలుపెట్టాం. చివర్లో ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. టర్పెంటైన్ జిడ్డు మిగిలితే కొత్త గమ్ పట్టదు.

రేకు శుభ్రమయ్యాక రెండు చోట్ల తుప్పు చుక్కలు కనిపించాయి, అవి గీకి ప్రైమర్, రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చాం. ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ మరచిపోకూడదు. బానెట్ లోపలి బలపు పట్టీల అంచుల్లో నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలుంటాయి. వాటన్నిటినీ సన్నటి తీగతో పొడిచి చూశాం. కొత్త ఫోమ్ వాటిని మూయకుండా ఉండేలా ఆ చోట్ల సుద్దతో గుర్తు పెట్టాం. అవి మూసుకుపోతే బానెట్ ముందు అంచు లోపలినుంచి కుళ్లుతుంది.

కొత్త పొర ఎంచుకోవడం

బానెట్‌కు ఇంజిన్‌కు మధ్య చోటు ఎంతుందో చూపుతో అంచనా వేయడం తప్పు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద, రేడియేటర్ పైన, ఇంకా నాలుగైదు ఎత్తైన చోట్ల మెత్తటి మట్టి ముద్దలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టి, బానెట్ మెల్లగా వేసి, తీసి, నలిగిన ముద్దల మందం కొలిచాం. చాలాచోట్ల 35 మిల్లీమీటర్లు పైనే వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ మీద మాత్రం 22. డీజిల్ ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ తనను మోసే రబ్బరు మౌంట్ల మీద బాగా ఊగుతుంది, కాబట్టి అక్కడ 20 మిల్లీమీటర్ల ఫోమ్ పెడితే రాసుకుంటుంది. అక్కడ 12, మిగతా చోట 20 అని నిర్ణయించుకున్నాం.

పాత ఆకారానికే కోసి అమ్మే రెడీమేడ్ ప్యాడ్‌లు దొరుకుతాయి. కారు పోటీల్లో చూపించేది అయితే, అసలు రూపం ముఖ్యమైతే, అవే వాడాలి. ఈ యజమానికి కావలసింది రోజూ నడిపే కారు. పాలీయూరితేన్ కాని మెలమైన్ ఫోమ్ ఎంచుకున్నాను. ఇది చాలా తేలిక, ఒక ఘనపు మీటరుకు పది కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. 150 డిగ్రీల వేడిని ఎప్పుడూ తట్టుకుంటుంది. మంట అంటించినా కరిగి కారదు, యూఎల్ 94 అనే మంట పరీక్షలో వీ-0 అనే మంచి స్థాయి వచ్చే పదార్థం. దాని లోపం పెళుసుదనం, గోరు తగిలినా ముక్క లేస్తుంది. నూనె పడితే పీల్చేస్తుంది కూడా. ఇంజిన్ గదిలో నూనె తాగిన ఫోమ్ అంటే వత్తి లాంటిదే. అందుకే పైన పలుచటి పూత పొర తప్పనిసరి. ఆ పొర మందంగా ఉంటే ఫోమ్ లోపలికి శబ్దమే వెళ్లదు, పైనుంచే తిరిగిపోతుంది. సన్నటి అల్యూమినియం రేకు, అందులో కంటికి కనిపించీ కనిపించని రంధ్రాలున్నది తీసుకున్నాను. బ్యాటరీ పైన ఉండే భాగానికి మాత్రం రేకు వాడలేదు, నూనె పట్టని గుడ్డ పొర వేశాను. ప్యాడ్ ఎప్పుడైనా వేలాడి అల్యూమినియం రేకు పాజిటివ్ టెర్మినల్‌కు తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

బానెట్ రేకు స్వయంగా మోగకుండా, ఫోమ్ కింద బ్యూటైల్ రబ్బరు షీట్ ముక్కలు వేశాం. వేలితో తట్టి, ఎక్కడ డబ్బాలా మోగుతుందో అక్కడ మాత్రమే, పలక మధ్య భాగంలో. రేకు విస్తీర్ణంలో మూడో వంతు కప్పితే చాలు, మొత్తం కప్పినా దానికి తగ్గ అదనపు లాభం రాదు. బరువు మాత్రం పెరుగుతుంది, బానెట్‌ను పైకి పట్టి ఉంచే స్ప్రింగులు నలభై ఏళ్లవి. తారు షీట్లు చవకని కొందరు అవే వేస్తారు. అవి వేడికి జారి ఇంజిన్ మీద పడతాయి.

నేను చేసిన తప్పు

ఫోమ్ అంటించడానికి మామూలు స్ప్రే గమ్ వాడాను. సీట్ల గుడ్డలకు వాడేదే. అప్పటికి అది చేతిలో ఉంది, పట్టు బాగానే అనిపించింది. మూడో వారం యజమాని ఫోన్ చేశారు. "బానెట్ కింద ఏదో రాసుకుంటున్న చప్పుడు వస్తోందండీ." వెళ్లి చూస్తే మధ్య భాగం అరచేతి మందాన జారి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు తగులుతోంది.

కారు నడుస్తున్నప్పుడు వేడి అంతగా ఉండదు, ఫ్యాను, ముందునుంచి వచ్చే గాలి ఇంజిన్ గదిని చల్లబరుస్తాయి. ఆపాకే అసలు వేడి. గాలి ఆగిపోతుంది. ఇంజిన్ ఇనుములో నిల్వ ఉన్న వేడంతా పైకి లేచి బానెట్ కింద చేరుతుంది. పైనుంచి ఎండ కూడా ఉంటే ఆ రేకు రెండు వైపులా కాలుతుంది. మామూలు స్ప్రే గమ్ ఆ వేడికి మెత్తబడి, ఫోమ్ తన బరువుకే జారింది. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసీ, చేతిలో ఉన్నదని వాడాను. దానికి యజమానికి క్షమాపణ చెప్పి, మళ్లీ నా ఖర్చుతోనే చేశాను.

మెలమైన్ ఫోమ్ చిరగకుండా తీయడం కుదరదు, కాబట్టి రెండోసారి కొత్త షీటే. ఈసారి అధిక వేడికి చేసిన నియోప్రీన్ కాంటాక్ట్ గమ్ వాడాను. రేకుకూ ఫోమ్ వెనకకూ రెండింటికీ పలుచగా రాసి, వేలికి అంటనంత వరకూ, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. తడిగా ఉండగానే అంటిస్తే ద్రావకం లోపల చిక్కుకుని వేడికి బుడగలవుతుంది. ఒకసారి తగిలితే జరపడం ఉండదు. అందుకే మధ్య గీత గీసుకుని, ఫోమ్‌కూ బానెట్ రేకుకూ మధ్య మైనపు కాగితం పెట్టి, మధ్యనుంచి అంచులకు కాగితం కొద్దికొద్దిగా లాగుతూ అంటించాం. ఒకరు కాగితం లాగాలి, ఇంకొకరు అరచేతితో ఒత్తాలి. అంచులు బలపు పట్టీల కిందికి దూర్చాం. ఉన్న రంధ్రాల్లోనే ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని బిగించాం, కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయలేదు. కోసిన అంచులన్నిటికీ రేకు టేపు చుట్టాం, ఎందుకంటే నూనె, తేమ ముందు పట్టేది తెరిచిన అంచునే. ఒక రాత్రంతా బానెట్ నిటారుగా నిలిపి ఉంచి, మర్నాడే ఇంజిన్ స్టార్ట్ చేశాం.

ఫైర్‌వాల్

బానెట్ ఫోమ్ ఒక్కటే పూర్తయ్యాక కొలిచినప్పుడు కారు ముందు ఒక మీటరు దూరంలో శబ్దం 3 డెసిబెల్స్ తగ్గింది. బయట నిలబడితే టకటక మెత్తబడింది, తేడా ఎవరికైనా తెలుస్తుంది. కేబిన్‌లో మాత్రం 61 కాస్తా 60 అయింది. అంతే. శబ్దం లోపలికి వచ్చేది బానెట్ గుండా కాదు, ఫైర్‌వాల్ గుండా.

శబ్దాన్ని అడ్డుకోవడంలో ఒక లెక్క ఉంది, అది తెలిసినవాళ్లు రంధ్రాన్ని చిన్నచూపు చూడరు. గోడ ఎంత మందంగా ఉన్నా సరే, దాని విస్తీర్ణంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే ఆ గోడ ఆపగలిగేది 20 డెసిబెల్స్ మాత్రమే. గోడ బరువు రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ లాభం రావాలి, కానీ ఆ రంధ్రం ఉన్నంతకాలం అది రాదు. చీకట్లో ఇంజిన్ గదిలో బలమైన లైటు పెట్టి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాం. ఐదు చోట్ల వెలుతురు కనిపించింది. వైరింగ్ కట్ట దూరే రంధ్రం చుట్టూ ఉండే రబ్బర్ గ్రొమెట్ గట్టిపడి చీలింది. క్లచ్ దగ్గర ఒక గ్రొమెట్ లేనే లేదు. ఎప్పుడో ఎవరో అలారం కోసం వేసిన రంధ్రం అలాగే వదిలేశారు. స్టీరింగ్ షాఫ్ట్ రబ్బరు వదులైంది. హీటర్ పైపుల చుట్టూ సీలు ఎండిపోయింది.

గ్రొమెట్లు అన్నీ కొత్తవి వేశాం. అలారం రంధ్రానికి రబ్బర్ బిరడా పెట్టి, రెండు వైపులా బ్యూటైల్ పుట్టీ పూశాం. ఇలాంటి చోట స్ప్రే ఫోమ్ నింపేవాళ్లున్నారు. అది వైర్ల చుట్టూ గట్టిపడి రేపు రిపేరుకు వచ్చిన మనిషి వైరు కోయాల్సిన పరిస్థితి తెస్తుంది, నీళ్లు కూడా పట్టి ఉంచుతుంది. బానెట్ వెనక అంచు రబ్బర్ బీడింగ్ మార్చాం. ఈ ఒక్కటీ చాలామంది వదిలేస్తారు. అది సరిగా లేకపోతే ఇంజిన్ గది గాలి, దాంతో పాటు డీజిల్ వాసన, శబ్దం అన్నీ తాజా గాలి దారిలోకి పోతాయి. నీళ్ల గొట్టం శుభ్రం చేసి, ఒక మగ్గు నీళ్లు పోసి కింద ధారగా వస్తున్నాయో లేదో చూశాం. బ్లోవర్ విప్పి రెక్కలు కడిగాం. తడిసిన ఫెల్ట్ ఆరబెట్టి వాడదామని యజమాని అడిగారు. ఆరబెడితే ఆరుతుంది, కానీ లోపల బూజు పట్టింది, పీచు కుంగిపోయింది. కొత్తది వేయించాను. నేల రేకు తుప్పు గీకి రంగు వేశాక, పూర్తిగా ఆరాక, కింద బరువైన వినైల్ పొర, పైన ఫెల్ట్, ఆపైన పాత కార్పెట్.

ఆ తర్వాత కేబిన్‌లో ఐడిల్‌లో 56 వచ్చింది. బానెట్ ఫోమ్ వాటా 1, మిగతా 4 డెసిబెల్స్ వాటా రంధ్రాలు మూయడం, బీడింగ్, కొత్త ఫెల్ట్‌లది. 'సి' స్కేలు 79 నుంచి 78కి వచ్చింది, కదల్లేదన్నట్టే లెక్క. ఆ గుంయ్‌కారం గాలిలోంచి రాదు, ఇంజిన్ మౌంట్ల ద్వారా బాడీకి ఎక్కి వస్తుంది. ఎడమ మౌంట్ రబ్బరు నూనె తాగి కుంగి ఉంది. అది వేరే పని అని చెప్పి, రెండు మౌంట్లూ కలిపి మార్చమని రాసిచ్చాను. రెండు నెలల తర్వాత మార్పించుకుని కొలతకు వస్తే 'సి' 73 చూపించింది. స్టీరింగ్ వణుకు తగ్గడం మీటరు లేకుండానే తెలిసింది.

ఫోమ్ మార్చిన ఆరు నెలలకు, వానలు అయిపోయాక, కారును మళ్లీ చూశాను. కార్పెట్ కింద చెయ్యి పెడితే పొడిగా ఉంది. జాలీ కింద ఆకులు తప్ప నల్ల పొడి లేదు. బానెట్ ఫోమ్ మధ్యలో గట్టిగా పట్టుకుని ఉంది. ముందు ఎడమ మూలలో రేకు టేపు ఒక అంగుళం లేచింది, అక్కడ తుడిచి కొత్త టేపు వేశాను. యజమాని వెనక సీటు తలుపు తీసి, "లోపల ఇప్పుడు మాట్లాడుకుంటే వినిపిస్తోందండీ" అన్నారు. బ్లోవర్ వేసి వెంట్ ముందు తెల్ల కాగితం పట్టుకుని రెండు నిమిషాలు ఆగాను. కాగితం తెల్లగానే ఉంది.